మందు మానిన తొలి రోజులు - తోడుగా నిలిచే ఏఏ

మందు మానెయ్యాలని ఒక్క పూటలో నిర్ణయించుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే సాయంత్రాలను దాటడమే అసలు కష్టం. ఆ సాయంత్రాల్లో తోడుగా నిలిచే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. క్లుప్తంగా ఏఏ అంటారు. ఈ రోజు దాని గురించి చెప్పుకుందాం.

1935 మే నెల. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ పట్టణం. వ్యాపారం పని మీద న్యూయార్క్ నుంచి వచ్చిన బిల్ విల్సన్, ఆ పని చెడిపోయి మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా మిగిలాడు. తాగుడు మాని అప్పటికి ఐదు నెలలు. పక్కనే బారు, అందులోంచి సందడి. మనసు అటే లాగింది. ఆయన టెలిఫోన్ అందుకున్నాడు. చర్చివాళ్లకు ఫోన్ చేసి, తాగుడుతో బాధపడేవాళ్లు ఈ ఊళ్లో ఎవరైనా ఉంటే మాట్లాడాలని ఉందన్నాడు. అలా మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిశాడు. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి ఉండిపోయాడు. ఎదుటి మనిషి నీతులు చెప్పలేదు, తాను పడ్డ పాట్లు చెప్పుకున్నాడు.

డాక్టర్ బాబ్ వెంటనే మానేశాడు. కొద్ది వారాలకే మళ్లీ జారాడు, మళ్లీ లేచాడు. బిల్, బాబ్‌లతో మొదలైన ఏఏ, బాబ్ ఆఖరుసారి తాగిన 1935 జూన్ 10నే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది. ఒకసారి జారితే ఇక అంతేనని బెంగపడే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇలా జారడం మన చుట్టూ కూడా ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టనివాడు, మాల తీశాక వారం తిరక్కుండా వైన్ షాపు ముందు నిలబడడం మనం చూస్తూనే ఉంటాం. అతని భక్తిని శంకిస్తాం. కానీ ఆ రోజులు ఎలా గడిచాయో చూడండి. వేళకు స్నానం, వేళకు భిక్ష, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కసారే పోయి, ఖాళీ సాయంత్రమూ పాత స్నేహితులూ మిగులుతారు. లోపించింది తోడు. ఆ తోడును ఏఏ ఏడాది పొడవునా ఇస్తుంది. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ముందుగా మానేసిన ఒకరు కొత్తవారికి స్పాన్సర్‌గా ఉండి, ఎప్పుడు యావ పుట్టినా ఫోన్ చెయ్యమంటారు. జీవితాంతం తాగనని ఒట్టు పెట్టించుకోరు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటారు.

తాగాలన్న యావ అల లాంటిది. లేస్తుంది, పెరుగుతుంది, విరుగుతుంది. చాలాసార్లు అరగంటలోపే బలం తగ్గుతుంది. ఆ అరగంట గడపడం నేర్చుకోవాలి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట - ఈ నాలుగింటిలో ఏది ఉన్నా యావ రెట్టింపవుతుంది. కాబట్టి పొద్దుగుంకకముందే ఏదైనా తినండి. బారు లేని దారిలో ఇంటికి రండి. ఇంట్లో సీసా ఉంచకండి. జీతం చేతికొచ్చిన రోజు ఇంటివాళ్లను వెంట ఉంచుకోండి. మనసు లాగగానే ఒక మనిషికి ఫోన్ చేసి, ఉన్నమాట చెప్పండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదు. చేతులు వణకడంతో మొదలై మూర్ఛ, మతిభ్రమ దాకా వెళ్లవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో దీనికి చికిత్స ఉంది. యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులూ ఉన్నాయి. వాటిని డాక్టరు చూసి రాయాలి. తాగేవాళ్లకు చెప్పకుండా వాళ్ల అన్నంలో ఏ మాత్రా కలపకండి, అది ప్రమాదం.

వినే అమ్మలారా, అన్నలారా! మీ ఇంట్లో ఒకరు ఈ రోజే మానేసి ఉంటే, నిన్నటి లెక్కలు ఈ సాయంత్రం తీయకండి. పక్కన కూర్చోండి. మానినవాళ్లు మీరే అయితే, సిగ్గుపడకుండా సాయం అడగండి. వ్యసన విముక్తికి 14446, మానసిక సాయానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితమే. యావ పుట్టిన వెంటనే ఫోన్ చెయ్యండి.