కీలు మార్పిడి ఎవరికి? – ఇంటివారితో కొన్ని మాటలు



మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు నుండి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని వచ్చిన మీరు నన్ను మొదట అడిగే మాట ఒకటే. "సిస్టరమ్మా, గుజ్జు అరిగిపోయిందన్నారు, చిప్పలు ఎప్పుడు మారుస్తారు?" అని. ఎప్పుడు అనే ముందు ఎవరికి అన్నది తేలాలి. నిర్ణయం డాక్టరుగారిదీ, రోగిదీ. కాని అందుకు కావలసిన సంగతులలో సగం ఇంటివారైన మీ దగ్గరే ఉంటాయి.

చిప్ప మార్పిడి అంటాం గాని, నిజానికి మార్చేది చిప్ప ఒక్కటే కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన అరిగిన భాగాన్ని కోసి తీసి లోహపు తొడుగులు వేస్తారు. వాటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. తీసిన ఎముక మళ్ళీ రాదు. అందుకే తొందర పనికిరాదు.

మరి ఎవరికి చేయాలి? ఎక్స్‌రే ఒక్కటే చూసి చెప్పలేము. ఫిలింలో బాగా అరిగినట్టు కనబడినా బజారుకు నడిచి వెళ్ళి వచ్చేవారున్నారు. అటువంటివారికి తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర, డాక్టరు చెప్పిన మందు సరిపోవచ్చు. కొన్ని నెలలు ఇవన్నీ సరిగా చేసినా నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే, ఇంట్లో నాలుగడుగులు వేయడమే కష్టమైతే, కాలు వంకర తిరుగుతుంటే, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

వయసు సంగతి కూడా అడుగుతారు. 2019లో వెలువడిన పెద్ద పరిశీలనలో, మార్చిన మోకాళ్ళలో 10కి 8 సుమారు 25 ఏళ్ళు పనిచేసినట్లు తేలింది. కనుక 60 దాటినవారికి చాలావరకు ఒక్కసారి చేయిస్తే చాలు. 50 లోపువారికి రెండవసారి చేయవలసి రావచ్చు. పెద్ద వయసు అని ఎవరినీ కాదనరు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు తట్టుకోగలవా అన్నదే చూస్తారు.

మన పడమటి ప్రాంతంలో ఇంకొక సంగతి ఉంది. అది ఫ్లోరైడ్ నీరు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోనివే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, వాటిని కట్టి ఉంచే కీళ్ళ పట్టీలు గట్టిపడతాయి. వెన్నులోని నరం నొక్కుకుపోతే కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతుంది. అటువంటివారికి మోకాలు మార్చినా నడక రాదు, ఎందుకంటే జబ్బు ఉన్నది వెన్నులో. ఇంట్లోనే చూడండి. నేలమీది నాణెం వంగి తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? చేతులు చాపి, మోచేతులు మడిచి తల వెనక పెట్టగలరా? ఇవి చేయలేకపోతే, ఏ ఊరి నీళ్ళు ఎన్నేళ్ళు తాగారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఫ్లోరోసిస్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ కుదరదని కాదు. కాని ముందే తెలియాలి.

ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా, అది పుచ్చుపన్ను గాని, మూత్రంలో ఇన్ఫెక్షన్ గాని, కాలి పుండు గాని, ముందు అది మానాలి. మూడు నెలల షుగర్ పరీక్ష సుమారు 8 లోపుకు రావాలని చాలామంది సర్జన్లు అంటారు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకొని 3 నెలలు కాకపోతే ఆగమంటారు. బీడీ, చుట్ట మానాలి.

ఒక సంగతి చెబుతాను. బెంగుళూరులో పనిచేసే అబ్బాయి పది రోజుల సెలవు పెట్టి తల్లిని తెచ్చాడు. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఆమె కాళ్ళు కడుగుతుంటే, వేళ్ళ సందున పసుపు పూసి ఉన్న పుండు కనబడింది. "అబ్బాయి సెలవు అయిపోతుందమ్మా, చెప్పవద్దు" అని నా చెయ్యి పట్టుకుంది. నేను చెప్పాను. ఆపరేషన్ వాయిదా పడింది. అబ్బాయి నామీద కోప్పడ్డాడు, నాకూ బాధ వేసింది. కాని ఆ చీము కొత్త కీలుకు చేరితే, మళ్ళీ కోసి లోహం అంతా తీయవలసి వచ్చేది. రెండు నెలలకు పుండు మాని, షుగర్ తగ్గాక ఆపరేషన్ జరిగింది. ఇప్పుడామె చేతికర్రతో ఇంటి చుట్టూ తిరుగుతోంది. అందుకే అడుగుతున్నాను, దాచవద్దు.

తుంటి ఎముక విరిగిన ముసలివారి విషయం వేరు. జారిపడి కాలు కదపలేకపోతే నాటు కట్టు కట్టించి మంచాన పడుకోబెట్టవద్దు. వెంటనే తీసుకురండి. అక్కడ ఆలస్యమే ప్రమాదం.

ఇల్లు కూడా సిద్ధంగా ఉండాలి. ఆపరేషన్ తరువాత నేలమీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మానాలి. కనుక కమోడ్ గాని, కమోడ్ కుర్చీ గాని ఏర్పాటు చేయండి. కొన్ని వారాలు రోజూ వ్యాయామం చేయించేవారు ఒకరు ఉండాలి. చేయకపోతే కీలు బిగుసుకుపోతుంది. మోకాలి కీళ్ళకు 2017 ఆగస్టులో ప్రభుత్వం ధర పరిమితి పెట్టింది. కనుక కీలు ధర ఎంత, మిగతా ఖర్చు ఎంత అని విడివిడిగా అడిగి రాయించుకోండి. అప్పు చేసేముందు ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో విచారించండి.

వచ్చేటప్పుడు పాత ఫిలింలు, చీటీలు, వాడే మందులన్నీ, షాపులో కొన్న నొప్పి బిళ్ళలతో సహా, తీసుకురండి. రక్తం పలచబరిచే మందు మీ అంతట మీరు ఆపవద్దు.

చివరగా, అమ్మను గాని నాన్నను గాని ఒక మాట అడగండి. "ఈ నొప్పి వల్ల నువ్వు చేయలేకపోతున్న పని ఏమిటి?" అని. ఆ జవాబు డాక్టరుగారికి చెప్పండి. ఎక్స్‌రే చెప్పలేనిది అదే.