ఊరి వెలుపల ఒక రాత్రి
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటిపన్ను వసూలు వంటి బరువైన విషయముల నడుమ నాకొక చిన్న విషయము నిచ్చినారు. ఎనిమిది మొదలు పదేండ్ల వయస్సు గల పిల్లలను ఒక సాయంకాలము ఊరి వెలుపలకు గొనిపోయి, గుడారములు వేయించి, వంట చేయించి, రాత్రి అచటనే పరుండబెట్టి, మరునాటి యుదయమున ఇండ్లకు చేర్చుట. ఈ మాట చెప్పగానే ముందు వరుసలోని ఇరువురు పెద్దలు నవ్వుకొనుట చూచితిని. "పల్లెటూరి పిల్లలకు ఆరుబయట కొత్తా?" అనునదే గదా వారి మనస్సులోని మాట!

మన చిన్ననాడు కొత్త కాదు. కళ్ళములో ధాన్యపు రాశికి కావలి పరుండిన తండ్రి ప్రక్కన పరుండితిమి. మంచె మీద తాతతో రాత్రులు గడిపితిమి. నేడు కోతయంత్రము ఒక పూటలో చేను కోసి, నూర్చి, ధాన్యమును ట్రాక్టరులో పోయుచున్నది. కళ్ళపు రాత్రులు చాల యూళ్ళలో పోయినవి. దీపము పెట్టగానే పిల్లవాడు టీవీ ముందరనో, సెల్‌ఫోను ముందరనో కూర్చుండుచున్నాడు. తన యూరి చీకటిని తానెరుగడు. పోనీ, పగటి వేళ చెరువు నెరుగునా అనిన, దానిని పెద్దల కన్నుగప్పి ఎరుగుచున్నాడు. వేసవి సెలవులలో చెరువునందో, క్వారీ గుంటయందో పిల్లలు మునిగిపోయిన వార్త పత్రికలలో రాని యేడు లేదు. పెద్దల కన్నుల యెదుట బయలును, నీటిని, చీకటిని పరిచయము చేయుటకు ఒక రాత్రి కేటాయించుడని నేను కోరుచున్నాను.

ఇది పరదేశపు వేడుక యని కొందరందురు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ అను సైనికాధికారి ఇంగ్లండు దక్షిణ తీరమున బ్రౌన్‌సీ అను చిన్న దీవిలో ఇరువదిమంది చిల్లర బాలురతో వారము దినములు శిబిరము నడిపిన మాట నిజమే. స్కౌటు ఉద్యమమునకు అదియే నాంది. ధనికుల బడులలో చదువు పిల్లలను, పనివారి పిల్లలను ఒకే గుడారములలో కలిపి యుంచుట ఆ శిబిరపు విశేషము. మన దేశములో వేర్వేరుగా నున్న స్కౌటు సంస్థలు 1950 నవంబరు 7న ఒక్కటై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. అందు చిన్న బాలురను 'కబ్' అనియు, చిన్న బాలికలను 'బుల్‌బుల్' అనియు పిలుతురు. కాని కార్తీకమాసములో ఉసిరిచెట్టు నీడను ఊరంతయు కలిసి భుజించు వనభోజనములు మనకు ఎవరు నేర్పినారు? ఆ పగటి భోజనమునకు ఒక రాత్రిని చేర్చుమనియే నా మనవి. ఋతువును గూడ కార్తీకమే చెప్పుచున్నది. వానలు వెనుకబట్టి, ఎండ ముదరక మునుపు, అనగా కార్తీకము మొదలు మాఘము వరకు తగిన కాలము. తుపాను హెచ్చరిక యున్న దినములలో మాత్రము ఆ తలంపే వలదు.

నేను స్వయముగా పాల్గొన్న యొక శిబిరమును గూర్చి చెప్పెదను. ఊరి పేరు చెప్పను. అందులోని తప్పు ఊరిది కాదు, నాది.

పిల్లలు ఇరువది నలుగురు. ఉపాధ్యాయులు ముగ్గురు, తల్లులు ఇద్దరు, వంటమనిషి, నేను. మామిడితోటలో టార్పాలిన్ పట్టలతో, వెదురుకర్రలతో పిల్లలే గుడారములు నిలిపిరి. ఒకటి రెండు పర్యాయములు కూలినవి. మేము చేయి వేయలేదు. పుల్లలేరిరి, పప్పు కడిగిరి, వంకాయలు తరిగిరి. అన్నము కొంచెము మాడినది. ఇంటివద్ద కూరకు వంక పెట్టు పిల్లలు ఆ మాడును గీకి గీకి తినిరి. అన్ని వాడల పిల్లలును ఒకే బంతిని కూర్చుండిరి. ఆ పూట కూరలు తరిగినది ఎవరు, వడ్డించినది ఎవరు అని ఎవ్వరును అడుగలేదు. పెద్దలలో ఒకరిద్దరు దూరముగా నిలుచుండి చూచుట నేను గమనించితిని. కొంతసేపటికి వారును వచ్చి కూర్చుండిరి.

చలిమంట చుట్టు పాటలు, కథలు అయిన పిదప రాత్రి పది గంటలకు నేను తలలు లెక్కించితిని. ఇరువది నాలుగు సరిపోయినది. నిశ్చింతగా పరుంటిని. పండ్రెండు దాటిన తరువాత ఒక పిల్లవాడు నన్ను తట్టి లేపి, తన ప్రక్కవాడు లేడని చెప్పెను. లేచి మరల లెక్కించితిని. మరల ఇరువది నాలుగే! "ఇక్కడే ఎక్కడో ఉంటాడు, పడుకోరా" అని వానిని కసరితిని. ఆ తల్లులలో ఒకామె అందుకు ఒప్పుకొనలేదు. లాంతరు పట్టుకొని హాజరు పట్టీలోని పేర్లు ఒక్కొక్కటిగా పిలిచి, ముఖములు చూచినది. పంతొమ్మిదవ పేరునకు జవాబు లేదు. వంటమనిషి కొడుకు ఆటపాటలలో కలిసి, పిల్లల నడుమనే నిద్రపోయినాడు. వానితో గలిపి నా లెక్క రెండుసార్లును సరిపోయినది!

ఆ తోటకు రెండు ఫర్లాంగుల దూరములో చెరువున్నది. ఆ యేడు వానలు మెండుగా కురిసి, అలుగు పొర్లుచున్నది. ఆ నీటి చప్పుడు సాయంకాలము నుండి వినబడుచునే యున్నను, అప్పుడు గాని నా చెవికి ఎక్కలేదు. కొందరము గట్టు వెంబడి పరుగెత్తితిమి. పేరు పెట్టి పిలిచిన కొలది మా కేకలే తిరిగి వచ్చుచుండెను. ఒక ఉపాధ్యాయుడు ఊరిలోనికి పోయి వాని యింటి తలుపు తట్టగా, వాడు నాయనమ్మ ప్రక్కన గాఢముగా నిద్రించుచున్నాడు. పాటలు సాగుచుండగనే లేచి, ఆ గట్టు మీదుగనే ఒంటరిగా ఇల్లు చేరినాడట.

తెల్లవారుజామున ఆ నాయనమ్మయే వానిని చేయి పట్టుకొని తోటకు తీసికొని వచ్చినది. భయపడి వచ్చితివా యని నేనడిగితిని. "భయం కాదండీ, నాయనమ్మ ఒక్కతే పడుకుంటుందని వెళ్ళాను" అని వాడు చెప్పెను. తల్లిదండ్రులు పట్టణములో పనికి పోయినారని నాకు అప్పుడు తెలిసినది. ఆ ముదుసలి నా వంక చూచి, "పిల్లల్ని లెక్కపెట్టుకున్నావు గానీ, ఒక్కడినైనా అడిగావా బాబూ?" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

కావున మీ గ్రామమున శిబిరము జరిపినచో, తలలు లెక్కింపవలదు. పేర్లు పిలిచి, ముఖములు చూడవలెను. సాయంకాలము, భోజనమైన పిదప, పరుండునప్పుడు, అర్ధరాత్రి, తెల్లవారిన వెంటనే పిలువవలెను. ఇద్దరిద్దరిని జతపరచి, ఒకని కొకడు జవాబుదారి యని చెప్పవలెను. ప్రక్కవాడు లేడని పిల్లవాడు చెప్పినచో దానిని నమ్మవలెను. ఇంటికి పోవలె ననిపించిన వానిని నవ్వక, పెద్దవారొకరు వెంట పోయి దిగబెట్టెదరని ముందుగనే చెప్పవలెను. రాత్రి యంతయు ఇద్దరు పెద్దలు వంతులవారీగా మేలుకొని యుండవలెను. నావలె అందరును పరుండరాదు.

స్థలము చెరువునకు, బావికి, కరెంటు తీగలకు దూరముగా నుండవలెను. ఎండుకొమ్మలున్న చెట్టు క్రింద, పుట్టల దగ్గర, గడ్డి దుబ్బులలో గుడారము వేయరాదు. వానగాని, పిడుగుగాని వచ్చినచో చేరుటకు బడి వంటి పక్కా కట్టడము దగ్గరలో నుండవలెను. కట్లపాము రాత్రివేళ తిరుగునది. నేలపై నిద్రించువారిని కరచినను నొప్పి అంతగా తెలియక పోవచ్చును. చాప క్రిందికి అంచులు దోపిన దోమతెర దానికి మంచి అడ్డు. ఒకవేళ కాటు పడినచో కోయుట, త్రాటితో బిగించుట, మంత్రము వేయించుట కూడదు. ఆ యవయవమును కదలనీయక, 108 వాహనమును పిలిచి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలెను. ఆ మందు ఏ ఆసుపత్రిలో నున్నదో శిబిరమునకు ముందుగనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి వ్రాసికొనవలెను.

ఆడపిల్లలను పంపుటకు తల్లులు జంకుదురు. వారికి వేరు గుడారము, తోడు పరుండు స్త్రీలు, దీపముతో కూడిన మరుగుదొడ్డి ఏర్పాటు చేసి, ఆ తల్లులనే ఇద్దరిని రమ్మని పిలిచినచో జంకు తీరును. మూర్ఛ, ఉబ్బసము గల పిల్లలెవరో, ప్రక్క తడుపు పిల్లలెవరో తల్లులను చాటుగా అడిగి తెలిసికొనవలెను. ఈ కడపటిది చిన్న విషయమని తలపకుడు. పదిమందిలో ఆ సిగ్గు పడిన పిల్లవాడు మరల ఏ శిబిరమునకును రాడు.

చీకటిలో నేమున్నదని అడుగుదురా? ఆకాశమున్నది. చలికాలపు రాత్రి పిల్లలకోడి తూర్పున లేచును. దాని వెనుక గొల్లకావడి లేచును. గడియారము లేని నాడు మన రైతులు వీనిని చూచియే ఝాములు గుణించిరి. ఉత్తరమున ధ్రువనక్షత్ర మెంత యెత్తున నుండునో ఆ యూరి అక్షాంశము నంతయే. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. విజయవాడ అక్షాంశము సుమారు పదహారున్నర గనుక అచట ధ్రువుడు ఒకటిన్నర పిడికిళ్ళకు కొంచెము పైన కనబడును. పటములో గీతగా చదివిన అక్షాంశమును పిల్లవాడు తన పిడికిలితో కొలిచినప్పటి ముఖము మీరు చూడవలెను!

ఇది పంచాయతీ పనియేనా యని సందేహింప నక్కరలేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ పదునొకండవ షెడ్యూలులో 29 విషయములను చేర్చినది. ప్రాథమిక విద్య, సాంస్కృతిక కార్యక్రమములు, స్త్రీ శిశు అభివృద్ధి వానిలో నున్నవి. ఖర్చును పెద్దది కాదు. బియ్యము, పప్పు, కూరలు, పట్టలు ఊరిలోనే దొరకును. కొదువయగునది పెద్దల నిద్ర యొక్కటే.

ఆ నాయనమ్మ సంగతి కొంత మిగిలినది. మరుసటి యేడు అదే తోటలో శిబిరము జరిగినప్పుడు ఆమెను వంటకు తోడుగా పిలిచితిమి. రాత్రి మేలుకొను వంతు కూడ ఆమెయే కోరి తీసికొనెను. మనుమడు ఆ రాత్రి ఎక్కడికిని పోలేదు. మీ యూరిలో ఏ తోట తగినదో, రాత్రి మేలుకొనగల వారెవరో విరామ సమయమున ఆలోచించి, మధ్యాహ్నపు సభలో చెప్పుడు. నేను వ్రాసికొనుటకు కాగితము తెచ్చుకొంటిని.