సుంకరి ముందు మన సామాను

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు అని మనలో ఒక సామెత ఉన్నది. సుంకము వసూలు చేసేవాడికి మన ఇంటి కష్టము ఎక్కదు, వాడి చూపంతా మూట మీదనే అని దాని భావము. సామెత పాతదే గాని, నేటికీ విమానము దిగి వచ్చిన మనవాడు కస్టమ్సు బల్ల ముందు నిలబడి చేసే పని అదే. బిడ్డ పెండ్లి, తల్లి జబ్బు, ఏడేండ్ల ఎడబాటు, అన్నీ చెబుతాడు. చెప్పవలసిన ఒక్క మాట మాత్రము చెప్పడు. ఆ ఒక్క మాట గురించే ఈ సాయంకాలము కొంచెము మనవి చేయదలచినాము.

మేము పండితులము కాము. మెట్రిక్ చదివి రైల్వేలో సామాను బుకింగు బల్ల వెనుక కూర్చునే గుమాస్తాలము. తూకము, రసీదు, అదనపు చార్జీ, ఇదే మా విద్య. అయినా బల్లకు అవతల నిలబడిన మనిషి ముఖము రోజూ చూస్తాము కనుక, ఆ ముఖములో భయము ఎప్పుడు వస్తుందో, అబద్ధము ఎప్పుడు వస్తుందో కొంత తెలుసు. చాలాసార్లు రెండూ ఒకటే.

సుంకము అనేది పరాయి ప్రభుత్వము తెచ్చిపెట్టినది కాదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనము వేయించి, సముద్ర వర్తకులకు అభయమిచ్చినాడు. ఓడలు గాలికి చెదిరి ఒడ్డుకు కొట్టుకు వస్తే అందులోని సరుకంతా లాక్కోవడము అంతకు ముందు రాజుల ఆచారము. ఇక అట్లా జరగదని, ఎగుమతి దిగుమతుల మీద ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప మరేమీ తీసుకోమని ఆయన రాతి మీద చెక్కించినాడు. అధికారి పట్టుకోవచ్చునన్న సంగతి ఎవరైనా చెబుతారు. ఎంతవరకు పట్టుకోవచ్చునో, ఎక్కడ ఆగవలెనో రాసి పెట్టడము గొప్ప. నేటి కస్టమ్సు చట్టము 1962 నాటిది. అందులోనూ ఈ రెండవ సంగతి ఉన్నది గాని, మనవారు చదవరు.

ఈ బొంబాయి నగరములో మన ఇండ్లకు గల్ఫు దేశాల నుండి వచ్చే చుట్టాలు ఎందరో మీకు తెలుసు. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరిచిన తరువాత చాలామంది నేరుగా అక్కడికే పోతున్నారు. అయినా చవక టికెట్టు దొరికినవారు ఇక్కడ దిగి, మన గదుల్లో ఒక పూట నడుము వాల్చి, దేవగిరి ఎక్కి నిజామాబాదు వైపు పోవడము ఇంకా ఆగలేదు. వారి పెట్టెలకు కట్టిన నైలాను తాళ్లు చూస్తే చాలు, ఆ పెట్టె ఎన్ని చేతుల మీదుగా వచ్చిందో మాకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. విమానాశ్రయములో సామాను తీసుకున్న తరువాత రెండు దారులు ఉంటాయి. ఆకుపచ్చ దారి, ఎర్ర దారి. సుంకము కట్టవలసినది ఏమీ లేనివారికి పచ్చది. ఏదైనా ఉన్నవారికి, ఉన్నదేమో అని అనుమానము ఉన్నవారికి ఎర్రది. మనవారికి ఎర్ర రంగు చూడగానే జైలు జ్ఞాపకము వస్తుంది. నిజానికి ఎర్ర దారిలో నడిచినవాడు నిజాయితీపరుడు, సామాను చూపించి లెక్క కట్టించుకుంటాడు. మా రైల్వేలో రెండవ తరగతి ప్రయాణికుడికి 35 కిలోలు ఉచితము. అంతకు మించితే ముందుగా మా దగ్గరకు వచ్చి బుక్ చేసుకున్నవాడికి మామూలు చార్జీ, చెప్పకుండా ఎక్కి దారిలో పట్టుబడినవాడికి దానికి ఎన్నో రెట్లు. అక్కడా న్యాయము ఇదే.

పచ్చ దారిలో కాలు పెట్టడమే ఒక వాఙ్మూలము. "నా దగ్గర సుంకము కట్టవలసినది లేదు" అని నోటితో అననక్కరలేదు, నడిస్తే అన్నట్టే. దీనికి తోడు మన మర్యాద ఒకటి. అధికారి "కుఛ్ హై క్యా?" అంటాడు. మనవాడు వంగి "కుఛ్ నహీ సాబ్" అంటాడు. ఊళ్లో పెద్దమనిషి "ఏమి తెచ్చినవురా?" అంటే "ఏమున్నది దొరా, ఏమి లేదు" అనడము వినయము. బల్ల ముందు అదే మాట తప్పుడు ప్రకటన అవుతుంది. ఆ తరువాత పెట్టెలో నుండి ఏది బయటికి వచ్చినా దాచినదే అంటారు. అందుచేత మేము మా చుట్టాలకు నేర్పే హిందీ ఒక్కటే: "హై సాబ్, దేఖ్ లీజియే." ఇంతకు మించిన మంత్రము లేదు.

అంకెల సంగతి త్వరగా చెబుతాము, ఎందుకంటే అవి మారుతూ ఉంటాయి, ప్రయాణానికి ముందు చూసుకోక తప్పదు. 2016 నియమాలలో సాధారణ సామానుకు ఉచిత పరిమితి 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నియమాలు దానిని 75,000 చేసినవి. టి.వి. మాత్రము ఈ లెక్కలోకి రాదని 2013 ఆగస్టు 26 నుండి పెట్టినారు. పాత రోజుల్లో గల్ఫు నుండి వచ్చినవాడి గుర్తే టి.వి. పెట్టె కదా! 2018 తరువాత సర్‌చార్జితో కలిపి సుంకము 38.5 శాతము పడేది. ముప్పై వేల టి.వి.కి 11,550 రూపాయలు. ఆ డబ్బుతో కరీంనగరులోనే కొనుక్కోవచ్చును గదా అని మేమంటే, "అక్కడిది వేరే అన్నా" అంటారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

బంగారము దగ్గర కొంచెము ఆగాలి. ఏడాదికి మించి విదేశములో ఉండి వచ్చిన పురుషుడికి 20 గ్రాములు, స్త్రీకి 40 గ్రాములు నగ ఉచితమని మనవారందరికీ కంఠస్థమే. కాని 2016 నియమాలలో దాని పక్కనే ఇంకొక వాక్యము ఉండేది: పురుషుడికి 50,000 రూపాయల విలువ వరకు, స్త్రీకి లక్ష వరకు అని. ధర తక్కువగా ఉన్నప్పుడు ఈ రెండవ వాక్యము పెద్దగా కరిచేది కాదు. 2024లో గ్రాము ఏడు వేల చుట్టూ తిరిగినప్పుడు, యాభై వేలకు వచ్చేది ఏడు గ్రాములు. కాగితము మీద ఇరవై, బల్ల మీద ఏడు! ఎందరో కూలీలు ఈ పదమూడు గ్రాముల తేడాలో పడి నలిగినారు. 2026 నియమాలు విలువ మాట తీసివేసి తూకము మాత్రమే ఉంచినవి. పదేండ్లు ఆలస్యమైనా మంచి పని అని మా అభిప్రాయము. ఒకటి మరువకండి, ఇదంతా నగకే. బిస్కెట్టుకు, నాణెముకు ఈ ఉచితము లేదు.

మా వరుసకు బావ అయ్యే ఒకరు మస్కట్టులో ఏడేండ్లు తాపీపని చేసి, 2023లో బిడ్డ పెండ్లికని మూడు తులాల గొలుసు చేయించుకుని వచ్చినారు. ఏ ఊళ్లో దిగినారో ఇక్కడ చెప్పము. గొలుసు బనియను లోపల వేసుకుని పచ్చ దారిన నడిచినారు. ఆపినారు. అచ్చు వేసిన ఇంగ్లీషు కాగితము ఒకటి ముందు పెట్టి సంతకము చేయమన్నారు, చేసినారు. మా గదికి వచ్చి చూపించిన చీటీలో "పసుపు రంగు లోహపు గొలుసు, ఒకటి" అని ఉన్నది. ఏడేండ్ల చెమటను పసుపు రంగు లోహము అనడము వారి ఆఫీసు భాష. పరీక్ష చేయక ముందు బంగారమని రాయరు. బావగారు మాత్రము ఆ మాట చదివించుకుని, "మావోడు ఇత్తడిచ్చి మోసం జేసిండా?" అని దుకాణదారుడి మీద అనుమానపడినారు. పెండ్లి అరువు నగతో జరిగింది. అప్పీలు పెట్టి, జరిమానా, సుంకము కట్టి గొలుసు విడిపించేసరికి పద్నాలుగు నెలలు పట్టినది. అప్పటికి ఆ బిడ్డ ఒడిలో మనుమడు.

పచ్చ దారిన నడవడము తప్పే, దానిని సమర్థించము. ఆరు నెలలకు మించి విదేశములో ఉన్నవారికి, రాళ్లు పొదగని బంగారము మీద తగ్గింపు రేటు సుంకము ఉన్నది. రియాళ్లలోనో డాలర్లలోనో ఆ సుంకము కట్టి అదే రాత్రి ఆయన బండి ఎక్కి ఉండవచ్చును. కాని ఆ అచ్చు కాగితము మాట వేరు. నాకు నోటీసు అక్కరలేదు, విచారణ అక్కరలేదు అని ముందే అచ్చు వేసి పెట్టిన వాక్యము కింద ప్రయాణికుడి సంతకము తీసుకుంటే అది చెల్లదని 2025లో ఢిల్లీ హైకోర్టు చెప్పినది. వస్తువు పట్టుకున్న తరువాత ఆరు నెలలలో నోటీసు ఇవ్వాలి. పై అధికారి కారణము రాసి పొడిగిస్తే మరో ఆరు నెలలు. లేకుంటే వస్తువు తిరిగి ఇవ్వాలి. అచ్చు కాగితము మీద సంతకము ఈ హక్కును మింగివేస్తుంది. చదవలేని కాగితము వస్తే, "తెలుగు తెలిసినవారిచేత చదివించండి, తరువాత చేస్తాను" అనడములో అవమానము లేదు. కోపగించుకుంటారు. కోపగించుకోనివ్వండి.

ఇంకొక వీలు చాలామందికి తెలియదు. చట్టములో 80వ సెక్షను అని ఒకటి ఉన్నది. సెలవు మీద వచ్చి మళ్లీ పోయేవాడు, తెచ్చిన వస్తువు నిజము చెప్పి చూపించి, సుంకము కట్టలేనని అడిగితే, దానిని వారి దగ్గరే ఉంచి రసీదు తీసుకుని, తిరిగి పోయేటప్పుడు పట్టుకుపోవచ్చును. తిరుగు ప్రయాణము అదే ఊరి నుండి అయితే సులువు. రసీదు మాత్రము పాస్‌పోర్టుతో పాటు ఉండాలి. మా బల్ల దగ్గర రసీదు పోగొట్టుకుని వచ్చి ఏడ్చేవారిని చూసి చూసి ఈ మాట అంటున్నాము.

స్త్రీలను స్త్రీలే సోదా చేయవలెను. ఎవరినైనా ఒంటి మీద సోదా చేస్తామంటే, గెజిటెడ్ అధికారి ముందుకో మేజిస్ట్రేటు ముందుకో తీసుకుపొమ్మని అడగవచ్చును. కొడుకు దగ్గరకు పోయి వచ్చే మన అమ్మలు, అత్తలు ఒంటి నిండా పాత నగలతో పోతారు. పోయేటప్పుడే కస్టమ్సు వారికి చూపించి ఎగుమతి సర్టిఫికెట్టు రాయించుకుంటే, వచ్చేటప్పుడు "ఇవి మా అత్తగారు పెట్టినవి నాయనా" అని సాక్ష్యము చెప్పుకోవలసిన పని ఉండదు.

లంచము మాట ఎత్తకపోతే మీరే ఎత్తుతారు. ట్రాలీ పక్కన నడుస్తూ "వెయ్యి ఇయ్యి, దాటిస్తా" అనేవాడు అధికారి కాడు, అధికారి మనిషి కూడా చాలాసార్లు కాడు. మన భయము వాసన పట్టి బతికేవాడు. బల్ల వెనుకవాడే అడిగితే, "ఎంతైతే అంత కడతాను, రసీదు ఇప్పించండి సార్" అన్న మాట చాలా గట్టిది. అందరూ దొంగలని మేము అనము. అర్ధరాత్రి మూడు విమానాలు ఒక్కసారి దిగితే ఆ కుర్చీలో కూర్చోవడము ఏమిటో మాకు తెలుసు, పండుగ రద్దీలో మా బల్లా అట్లాగే ఉంటుంది. అలసినవాడు కసురుకుంటాడు. కసురు వేరు, అన్యాయము వేరు. మొదటిదానికి ఊరుకోవాలి, రెండవదానికి పేరు, హోదా, వేళ రాసుకోవాలి.

వచ్చేటప్పటి సంగతి ఇది. పోయేటప్పటిది ఇంతకంటె ప్రమాదకరము. ఇక్కడ పోయేది డబ్బు, అక్కడ పోయేది మనిషి. మన వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు ఎమిరేట్సులోను, సౌదీలోను నిషిద్ధము. మాదకద్రవ్యము కింద లెక్క. తల్లి ప్రేమతో కట్టిన మసాలా పొట్లములో ఒక గుప్పెడు గసగసాలు ఉంటే కొడుకు జైలుకు పోవచ్చును. అమ్మలారా, పొట్లము కట్టేముందు చూడండి. నొప్పి మాత్రలలోనూ కొన్ని అక్కడ నిషిద్ధము. డాక్టరు చీటీ లేకుండా పంపవద్దు. ఇక "మా తమ్మునికి ఈ పచ్చడి సీసా ఇయ్యి అన్నా" అని విమానాశ్రయము గుమ్మము దగ్గర చేతిలో పెట్టేవారు ఉంటారు. తెలిసినవాడైనా విప్పి చూడకుండా తీసుకోకండి. వాడికి కోపము వస్తే ఫోనులో తీర్చుకుంటాడు. పెట్టె ఎవరి చేతిలో ఉంటే సరుకు వాడిదే అని అక్కడి పోలీసులు అంటారు, ఇక్కడివారూ అదే అంటారు.

సభానంతరము కొందరు అడుగుతారని ముందే చెబుతున్నాము. కస్టమ్సు వారు ఇచ్చిన ఉత్తర్వు చేతికి అందిన నాటి నుండి అరవై రోజులలో కమిషనరు (అప్పీల్సు) గారికి అప్పీలు చేసుకోవాలి. మనవారు ఊరికి పోయి, నాట్లు ముగిసి, పండుగ గడిచి, ఆ తరువాత కాగితము విప్పుతారు. అప్పటికి తొంభై రోజులు. కాగితము రాగానే ఇటు పంపండి. సంగతి తెలుగులో ఉన్నది ఉన్నట్లు రాసి, పాస్‌పోర్టు నకలు, కొన్న బిల్లు, రసీదు జతపరిస్తే, ఇంగ్లీషులో టైపు చేసి ఇవ్వడానికి సంఘములో ముగ్గురము ఉన్నాము. మా డ్యూటీ ఈ నెల రాత్రిది కనుక ఉదయము పదింటి తరువాత రండి.