అరవై ఒకటి అడిగిన పెద్ద సంఖ్య

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్నది ఒకే ఒక్క సంఖ్య: 1,76,63,19,049. దీని వర్గంలోంచి 22,61,53,980 వర్గానికి 61 రెట్లు తీసేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. సున్నాను లెక్కలోకి తీసుకోకపోతే, 61 విషయంలో ఇంతకన్నా చిన్న జంట లేదు. ఇరుగుపొరుగు సంఖ్యలు ఇంత ఇబ్బంది పెట్టవు. 60కి 31, 4 చాలు. 62కి 63, 8 చాలు. నడుమనున్న 61 మాత్రం కోట్లలోకి వెళ్తేగాని లొంగదు. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో దీన్ని ఉదాహరణగా ఇచ్చి సాధించాడు. ఆ సంఖ్య పరిమాణమే అతని చేతిలో ఒక పద్ధతి ఉందనడానికి రుజువు అని నా వాదన.

ఓపికపట్టి వెతికితే దొరికి ఉండొచ్చు కదా అనవచ్చు. ఒకటి నుంచి వరసగా చూసుకుంటూ పోతే ఇరవై రెండు కోట్లకు పైగా ప్రయత్నాలు చేయాలి. నిమిషానికొకటి చొప్పున రాత్రింబవళ్లు చేసినా నాలుగు వందల ఏళ్లు దాటుతుంది. భాస్కరుడు వాడిన చక్రవాళమనే పద్ధతి నడక వేరు. 8 వర్గం 61 కన్నా మూడు ఎక్కువ. 8తో కలిపితే మూడుతో నిశ్శేషంగా భాగింపబడుతూ, తన వర్గం 61కి దగ్గరగా ఉండే సంఖ్య 7. దాంతో ఒక్క అడుగు వేస్తే 39, 5 వస్తాయి. 39 వర్గమైన 1521కీ, 5 వర్గానికి 61 రెట్లైన 1525కీ తేడా నాలుగు. తేడా నాలుగైతే ఇక 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పిపెట్టిన భావన, అంటే రెండు జంటలను కూర్చి కొత్త జంటను తెచ్చే సూత్రం, పని పూర్తిచేస్తుంది. జంటను దానితోనే కూర్చుకుంటూ పోతే 29,718, 3,805 వస్తాయి. ఇక్కడ ఒకటి తక్కువ పడుతుంది. 29,718 వర్గాన్ని రెట్టించి ఒకటి కలిపితే మన సంఖ్య. ఇదంతా ఒక్క పూట పని.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఈ చక్రం ఎప్పుడూ గమ్యం చేరుతుందని భాస్కరుడు నిరూపించలేదు. నిజమే. జవాబు తప్పక ఉంటుందని పద్దెనిమిదో శతాబ్దంలో నిరూపించిన ఘనత లగ్రాంజ్‌దే, దాన్ని మనం లాక్కోనక్కర్లేదు. కానీ లేనిది ఆ హామీయే. దొరికిన జవాబు సరైనదో కాదో గుణించి చూస్తే తేలిపోతుంది. ఆ మాటకొస్తే చక్రవాళం భాస్కరుడి సొంతమూ కాదు. 1073 నాటి ఉదయదివాకరుడి వ్యాఖ్యలోనే జయదేవుడి పేరుతో కనిపిస్తుంది. 1657లో ఫెర్మా ఐరోపా గణితజ్ఞులకు ఇదే 61ని సవాలుగా విసిరాడు. బ్రౌంకర్ పద్ధతి కనిపెట్టాడు, ఆయిలర్ పొరపాటున ఈ సమీకరణానికి పెల్ పేరు తగిలించాడు. పాపం, పెల్‌కు దీనితో పెద్ద సంబంధమే లేదు. ఫెర్మాకు ఇది మన దేశం నుంచే చేరిందని కొందరు ఉత్సాహపడతారు గాని, ఆధారమేదీ లేదు, అవసరమూ లేదు. వందలోపు సంఖ్యల్లో ఇంత పెద్ద జవాబు కోరేది 61 ఒక్కటే. కఠినమైన లెక్క ఇవ్వదలచిన ఇద్దరు విడివిడిగా దాని దగ్గరికే చేరడం సహజం. అయితే, ఏది కఠినమో తెలియాలంటే మిగతావి కూడా చేసి చూసి ఉండాలి. భాస్కరుడు అదే ఉదాహరణలో 61తోపాటు 67నూ పెట్టాడు. దాని జవాబు 48,842 దగ్గరే ఆగిపోతుంది.