పెట్టె వేఱు, సరకు వేఱు

పెండ్లి వీడియో కంప్యూటరునందు చక్కగా నడచి, టీవీయందు మాత్రము బొమ్మ లేక శబ్దమే వినవచ్చినచో, ఫైలు చెడినదని పలువురు తలంతురు. కాని ఎంకేవీ, ఎంపీ4 అనునవి కేవలము పెట్టెలు, లోని దృశ్యమును కుదించిన విధానము, అనగా కోడెక్, వేఱొకటి. 2003లో వెలువడిన హెచ్.264 అను కోడెక్‌ను దాదాపు ప్రతి పరికరమును చదువగలదు గాని, 2013 నాటి హెచ్.265ను పాత టీవీలు పెక్కు గ్రహింపజాలవు. కోడెక్ టీవీకి తెలిసినదే యైనచో, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాధనముతో పెట్టెను మాత్రము మార్చిన చాలును, దృశ్యమునకు లేశమైనను హాని కలుగదు. మరల కుదించుట యన్ననో, చాలసేపు పట్టుటయే గాక, ప్రతి పర్యాయమును కొంత స్పష్టత నశించును. కావున మూలప్రతిని, ఇది నా మొండిపట్టే యనుకొనుడు, ఎన్నడును చెఱుపరాదు. ఇంటి వైఫైలో జెల్లీఫిన్ వంటి సర్వరును నెలకొల్పినచో, టీవీ చదువజాలని ఫైలును అది అప్పటికప్పుడు మార్చి పంపును. అయితే పాత ల్యాప్‌టాప్‌నే సర్వరుగా వాడినచో, 4కే దృశ్యమునకు దాని శక్తి చాలక, బొమ్మ ఆగి ఆగి నడచును.