రాతి వ్రాతలు - పంచాయతీల బాధ్యత
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)

పంచాయతీ సభ్యులారా!

భద్రాచలమున రామాలయము కట్టించిన రామదాసు జన్మస్థలము నేలకొండపల్లి యని మీకందరికిని తెలియును. ఆ ఊరి చెంతనే ప్రాచీన బౌద్ధ స్తూపము కలదని ఎరిగినవారు కొందరే. అచ్చటి దిబ్బలను ప్రజలు విరాటరాజు కథతో ముడిపెట్టి చెప్పుకొందురు. పురావస్తు శాఖవారు త్రవ్వించగా ఇటుకల స్తూపము, బుద్ధ ప్రతిమలు బయల్పడినవి. కావున ఖమ్మము నుండి భద్రాచలము వరకు గల అడవి అంచు గ్రామములలో ఏ దిబ్బను గాని, ఏ బండను గాని వట్టిదని తలపరాదు.

దిబ్బను త్రవ్వినచో స్తూపము కనబడును. శాసనము కనబడినంత మాత్రమున చాలదు, దానిని చదువవలెను. బౌద్ధుల ప్రాచీన శాసనముల లిపి బ్రాహ్మి. మన తెలుగు అక్షరములకు మూలమదియే. అయినను కాలక్రమమున దానిని చదువగలవారు లేకపోయిరి. జేమ్సు ప్రిన్సెప్ అను పండితుడు సాంచి స్తూపపు రాళ్ళపై గల చిన్న వ్రాతల నకళ్ళను పరిశీలించుచు, అవి చాలవరకు ఒకే రెండక్షరములతో ముగియుట గమనించెను. గుడికి స్తంభమో గంటయో ఇచ్చినవారు తమ పేరు వ్రాయించుట మనమెరిగినదే గదా! ఆ తుది మాట ‘దానం’ అయి యుండునని ఆయన ఊహించెను. ఊహ ఫలించెను. 1837లో తక్కిన అక్షరములును ఒక్కొక్కటిగా తేలినవి.

పండితులు రాతిని కడిగి, తడికాగితము పరచి, కుంచెతో మెల్లగా కొట్టి, పైన సిరా అద్దుదురు. గుంటలోని అక్షరములు తెల్లగా నిలుచును. వాటి రూపమును బట్టి కాలమును నిర్ణయింతురు.

ఇట్లు చదివినందున తెలిసినదేమి? అమరావతిలో పూర్ణకుంభపు ఫలకమును సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. 1892లో భట్టిప్రోలున దొరికిన రాతి భరిణెలపై ‘నిగమ’ సభ్యుల పేర్లు వరుసగా కలవు. నిగమమనగా పట్టణపు పెద్దల సంఘము. రెండువేల ఏండ్లకు పైబడిన కాలమున మీవంటి సభ్యులే వారు!

అమరావతి రాళ్ళు ఎన్నియో సున్నమునకై కాల్చబడినవి. వాటితో ఎందరి పేర్లు నశించెనో!

కావున మీ పొలిమేరలో వ్రాతగల రాయి కనబడినచో పగులగొట్టనీయకుడు. నూనె, రంగు, సున్నము పూయనీయకుడు. మేకుతో గీకనీయకుడు. చోటు మార్పనీయకుడు; దొరికిన చోటు కూడ సాక్ష్యమే. పంచాయతీ పుస్తకమున ఆ సంగతి వ్రాసి, తహశీలుదారుకును పురావస్తు శాఖకును తెలుపుడు. రోడ్డు పనికిని, చెరువు పూడిక తీయుటకును దిగు కూలివారికి ముందే చెప్పి యుంచుడు.

తన పేరు చెక్కించినవాడు, ముందు తరములవారు దానిని చదువుదురని నమ్మెను. ఆ నమ్మకమును నిలుపుట మన విధి.