పోస్టు సర్కారుది, మనిషి ఏజెన్సీవాడట!

(ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ మూడింటిల మూడోదాని గురించి ఇయ్యాల మాట్లాడుకుందాం. 1969ల విద్యార్థులు రోడ్డెక్కింది కొలువుల కోసమే. ముల్కీ నిబంధనలను తుంగల తొక్కిన్రన్న కడుపుమంటతోనే ఆ ఉద్యమం మొదలైంది. 1975ల రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. వాటిని ఉల్లంఘించిన్రని తేలినంక 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. ఆ జీవో కూడ అమలు కాలేదని మొత్తుకుంటే 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018ల కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు తెచ్చుకొని 95 శాతం కొలువులు స్థానికులకే అని రాయించుకున్నం. ఇంత చరిత్ర ఉన్న గడ్డ మీద నిలబడి ఒక చిన్న ప్రశ్న అడుగుతున్నం. ఆ 95 శాతం దేంట్ల 95 శాతం?

నేరుగా భర్తీ చేసే పోస్టులల్ల. ఏజెన్సీ పంపే మనుషులల్ల కాదు. ఆఫీసుల పోస్టు ఖాళీగనే ఉంటది, పని మాత్రం నడుస్తనే ఉంటది. ఆ కుర్చీల కూసున్న చెల్లెకు నోటిఫికేషన్ లేదు, రాత పరీక్ష లేదు, రోస్టర్ లేదు. టెండర్ దక్కించుకున్న ఏజెన్సీవాడు ఎవరి పేరు రాస్తే వాళ్లే ఉద్యోగి. అవకాశాలల్ల సమానత్వం అని చెప్పే రాజ్యాంగం 16వ అధికరణం ఆ కుర్చీ దాక రాకుంటనే గుమ్మం కాడ ఆగిపోయింది. నాడు మన కొలువు వేరేవాళ్లు పట్టుకపోతున్నరని కొట్లాడినం. ఇప్పుడు కొలువే కొలువు కాకుంట పోతున్నది. కొట్లాడుదామంటే ఎదురుంగ మనిషి కనవడడు.

ఎందుకు కనవడడో చెప్తం. జీతం పడలేదని ఆఫీసరును అడిగితే, "మేం బిల్లు పెట్టినం, మీ ఏజెన్సీని అడుగుండ్రి" అంటడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "సర్కారు బడ్జెట్ రిలీజ్ కాలేదు" అంటరు. ట్రెజరీకి పోతే, "నువ్వెవరు? నీకు ఎంప్లాయీ ఐడీ లేదు కదా" అంటరు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురి మాట నిజమైనా మనిషి మాత్రం మూడు నెలలు అప్పు మీద బతుకుతడు. ఈ ఏర్పాటు పొరపాటున వచ్చింది కాదు. బాధ్యత ఎవరి మీద నిలవకుంట ఉండేటందుకే దీన్ని గిట్ల కట్టిన్రు.

లెక్క చూద్దాం. 2021 జూన్‌ల 60 జీవో ఇచ్చిన్రు. ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు వాళ్లకు మూడు తరగతులు పెట్టి 15,600, 19,500, 22,750 రూపాయలని ఖరారు చేసిన్రు. అదే పీఆర్సీల రెగ్యులర్ ఉద్యోగికి కనీస మూలవేతనం 19,000. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఏడాదికో ఇంక్రిమెంటు. మనదానికి ఇంక్రిమెంటు లేదు, డీఏ లేదు. 15,600ల నుంచి పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 117, వృత్తి పన్ను 150 పోతే చేతికి వచ్చేది 13,533. ఇది సక్రమంగ కోసినప్పటి లెక్క. చానా జాగలల్ల మేం చూసిందేందంటే, యజమాని కట్టాల్సిన వాటా కూడ కూలి మనిషి జీతంలకెళ్లే కోస్తున్నరు. యజమాని వాటా పీఎఫ్‌కు ఛార్జీలతోని కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐకి 3.25 శాతం, అంటే 507. ఈ రెండూ కోస్తే చేతికి మిగిలేది 11,076. యజమాని వాటాను కార్మికుని జీతంల కోయడం చట్టవిరుద్ధం. ఆ ముచ్చట ఏజెన్సీకి తెల్వక కాదు, మనకు తెల్వదని వాళ్లకు తెలుసు.

పైసలు కోసుడు ఒక ఎత్తు అయితే, కోసినవి కట్టకుండుడు ఇంకో ఎత్తు. ప్రతి టెండర్‌తోని ఏజెన్సీ మారుతది. మనిషి మారడు, కుర్చీ మారదు, ఆఫీసు మారదు. కాగితాల మీద మాత్రం ఆయన కొత్తగ చేరినట్టు లెక్క. కొత్త పీఎఫ్ ఖాతా, కొత్త ఈఎస్ఐ నంబరు. పదేండ్లు ఒకే ల్యాబ్‌ల చేసిన మనిషి గ్రాట్యుటీ అడిగితే, ఏ ఒక్క ఏజెన్సీ కాడ అయిదేండ్లు నిండలేదు పో అంటరు. ఆడపిల్లలకు ఇది ఇంకా బరువు. ఈఎస్ఐల ప్రసూతికి 26 వారాల జీతం ఉన్నది. కానీ అంతకు ముందటి రెండు చందా కాలాలల్ల కనీసం 70 రోజులకు చందా పడి ఉండాలె. ఏజెన్సీవాడు ఎగ్గొట్టిన ఆర్నెల్లు ఆ తల్లి పాలిట ఎట్ల మారుతయో ఆలోచించుండ్రి. పాత నంబరే కొనసాగించమని పట్టుబట్టుండ్రి. మనిషికి ఒక్కటే యూఏఎన్, ఒక్కటే ఈఎస్ఐ నంబరు ఉండాలె.

ఇగ అసలు పంచాయితీకి వద్దాం. మన యజమాని ఎవరు?

1970ల కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. పేరుల "నియంత్రణ, రద్దు" అని ఉన్నది. రద్దు జరిగింది తక్కువ, నియంత్రణ అంతకన్న తక్కువ. అయినా ఆ చట్టంల ఒక మంచి మాట ఉండె. కాంట్రాక్టర్ జీతం ఇయ్యకుంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే పని చేయించుకునే సంస్థ, ఇచ్చి తీరాలె. తర్వాత కాంట్రాక్టర్ కాడ వసూలు చేసుకోవాలె. 2003ల అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించింది. ముఖ్యమైన పనులల్ల కాంట్రాక్టు వద్దన్నది, కానీ ఊడ్చుడు, కావలి, క్యాంటీన్ లాంటివి ముఖ్యమైనవి కావన్నది. మున్సిపాలిటీకి ఊడ్చుడు ముఖ్యం కాకుంటే మరేం ముఖ్యమో! 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలుకు వచ్చినయి, 1970 చట్టం పోయింది. ఇదివరకు 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉండాలె. జిల్లాల చిన్న ఆఫీసులు చానా వరకు దాని బయటనే పడుతయి. ఇది నష్టం, దాన్ని నష్టమనే చెప్పాలె.

అయితే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండ్రి. ఆ కోడ్ ప్రభుత్వ ఆఫీసులకు వర్తించదని మొదట్లనే రాసి, వెంటనే మినహాయింపు ఇచ్చిన్రు. ప్రభుత్వమే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గ కాంట్రాక్టర్ ద్వార మనుషులను పెట్టుకుంటే వర్తిస్తది. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ కట్టాలన్న మాట ఇందుల కూడ ఉన్నది. ఇగ వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం వచ్చే నెల ఏడో తారీఖు దాటొద్దు. "బడ్జెట్ రాలేదు" అనేది చట్టంల ఉన్న సాకు కాదు.

కోర్టుల ముచ్చట కొంచెం నిమ్మళంగ వినుండ్రి, ఎందుకంటే అక్కడనే మనోళ్లు ఎక్కువ మోసపోతున్నరు. 1996ల ఎయిర్ ఇండియా కేసుల సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేస్తే ఆ కార్మికులు సంస్థ ఉద్యోగులే అయితరన్నది. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసుల అయిదుగురు జడ్జీలు దాన్ని కొట్టేసిన్రు. కానీ ఒక తలుపు తెరిచి పెట్టిన్రు. కాంట్రాక్టు అనేది ఒట్టి ముసుగు అయితే, ఆ ముసుగు తీసి చూడొచ్చు, అప్పుడు కార్మికుడు అసలు సంస్థ ఉద్యోగే అన్నరు. ముసుగా కాదా అని ఎట్ల తేలుతది? పని చెప్పేది ఎవరు, సెలవు ఇచ్చేది ఎవరు, హాజరు ఎవరి రిజిస్టర్ల పడుతది, మందలించేది ఎవరు, తీసేసేది ఎవరు. వీటన్నిటికి జవాబు ఆఫీసరే అయితే ఏజెన్సీ పేరుకే ఉన్నట్టు. కాకపోతే ఇదంత సాక్ష్యాలతోని పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందట రుజువు కావాలె. కలెక్టరేటు లాంటిది పరిశ్రమ కిందికి వస్తదా రాదా అనే తగాదా వేరే ఉన్నది, అసొంటి కాడ హైకోర్టుల రిట్ వేసుకోవాల్సి వస్తది.

2006 ఏప్రిల్ 10న వచ్చిన ఉమాదేవి తీర్పు మనందరి మెడకు చుట్టుకున్నది. దొడ్డిదారిన వచ్చినోళ్లను రెగ్యులర్ చేస్తే, బయట పోటీ పరీక్ష కోసం చదువుకుంటున్న పిల్లల హక్కు ఏమైతదని ఆ తీర్పు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ మంజూరైన పోస్టుల పదేండ్లు పైన కోర్టు ఉత్తర్వుల అండ లేకుంట పనిచేసినోళ్లను ఒక్కసారికి రెగ్యులర్ చేయొచ్చన్నది కూడ ఆ తీర్పే. సర్కార్లు మొదటి సగమే చదివినయి. 2024 డిసెంబర్ 20న జగ్గో కేసుల సుప్రీంకోర్టు ఈ సంగతే ఎత్తిచూపింది. కేంద్ర జల సంఘం ఆఫీసుల ఏండ్ల తరబడి ఊడ్చిన అక్కలు, ఒక తోటమాలి కేసు అది. వాళ్లను 2018ల తీసేసి ఆ పనిని ఔట్‌సోర్సింగ్‌కు ఇచ్చిన్రు. వాళ్లను మళ్ల తీసుకొని రెగ్యులర్ చేయమని కోర్టు చెప్పింది. 2025 ఆగస్టుల ధరమ్ సింగ్ కేసుల, పైసలు లేవన్న సాకుతోని కింది ఉద్యోగుల వీపు మీద బడ్జెట్ లెక్కలు సరిచేసుకోవద్దని సర్కారుకు గట్టిగనే చెప్పింది.

ఈ తీర్పులు చూపెట్టి, మీరందరు రేపే పర్మినెంట్ అయితరని చెప్పేటోళ్లను నమ్మకండ్రి. ఆ రెండు కేసులల్ల ఉన్నోళ్లు సంస్థ నేరుగ పెట్టుకున్నోళ్లు. ఏజెన్సీ ద్వార వచ్చినోళ్లకు ముందు ముసుగు తీయించే పని ఉన్నది. చందాలు వసూలు చేసి రిట్ వేస్తమని తిరిగేటోళ్లు ఈ తేడా చెప్పరు.

మరి ఎక్కడా గెలువలేదా? గెలిచినం. 2017ల మన విద్యుత్ సంస్థలల్ల ఇరవై వేలకు పైన ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్ల పేరుతోని సంస్థలకు తీసుకున్నరు. దాని మీద కోర్టుకు పోతే 2018ల హైకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. రెగ్యులర్ ఉద్యోగులతోని సమానమైన స్కేలు రాలేదని 2023 ఏప్రిల్‌ల మళ్ల సమ్మెకు దిగాల్సి వచ్చింది, అది నిజమే. కానీ నడుమ దళారి పోయిండు. కరెంటు స్తంభం ఎక్కే మనిషి ఎవరి మనిషో ఇప్పుడు తగాదా లేదు. అవతల ఆంధ్రప్రదేశ్‌ల 2020ల ఆప్కాస్ అని ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి ఏజెన్సీలను పక్కకు పెట్టిన్రు, నియామకాలల్ల రిజర్వేషన్లు కూడ పెట్టిన్రు. అది పర్మినెంట్ కొలువు కాదు. అయినా దళారి లేకుంట జీతం ఇయ్యొచ్చని పక్క రాష్ట్రం చేసి చూపెట్టింది. మంచిది ఎవరు చేసినా మంచిదే, ఆ మాట అనడానికి మాకు సిగ్గు లేదు.

సింగరేణి గురించి చెప్పకుంటే ఈ మీటింగు పూర్తి కాదు. 1990ల మొదట్ల లక్షకు పైన పర్మినెంట్ కార్మికులుంటుండిరి. ఇప్పుడు నలభై వేల కాడికి వచ్చిన్రు. బొగ్గు తీసుడు ఆగలేదు. ఓపెన్ కాస్టులల్ల మట్టి పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. కోల్ ఇండియాల హైపవర్ కమిటీ వేతనాలు 2013 నుంచి ఉన్నయి, అవి మాకెందుకు లేవని 2022 సెప్టెంబర్‌ల కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసిన్రు. అదే దుమ్ము, అదే షిఫ్టు. ప్రమాదమైనప్పుడు బండ కూడ పర్మినెంటా కాంట్రాక్టా అని చూసి పడదు.

ఇగ విద్యార్థి తమ్ముళ్లతోని ఒక మాట. మీల చానామందికి మా మీద కోపమున్నది. ఔట్‌సోర్సింగోళ్లను రెగ్యులర్ చేస్తే మా నోటిఫికేషన్ పోతదని అశోక్‌నగర్ లైబ్రరీ కాడ మీరు అనుకుంటరు, మాకు తెలుసు. ఆ కోపం ఉత్తది కాదు. కానీ పోస్టును మింగింది కుర్చీల కూసున్న అక్క కాదు, పోస్టును చూపెట్టకుంట దాచినోడు. ప్రతి శాఖల మంజూరైన పోస్టులెన్ని, అందుల ఏజెన్సీ మనుషులతోని నడుపుతున్నవి ఎన్ని అని లెక్క బయట పెట్టమని మనం కలిసి అడగాలె. ఆ ఖాళీలకు నోటిఫికేషన్ రావాలె, పాత మనిషి అనుభవానికి మార్కులు ఉండాలె. ఇది కొత్త మాట కాదు. వైద్య ఆరోగ్య రిక్రూట్‌మెంట్ బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకు పరీక్షకు 80 మార్కులు పెట్టి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 దాక ఇచ్చింది. వయసు దాటినోళ్ల సంగతి వేరే చూడాలె. ఇందుల మా వాళ్లకే ఒప్పనోళ్లున్నరు, పరీక్ష లేకుంటనే కావాలె అంటరు. మేం మాత్రం రోస్టర్‌ను కాదని వచ్చే కొలువును అడగలేం. రోస్టర్ కోసమే కదా మన తాతలు, నాయినలు కొట్లాడింది.

రెగ్యులర్ ఉద్యోగ మిత్రులు కూడ ఇంటున్నరు కదా. మీ పక్క కుర్చీల మనిషిని "ఔట్‌సోర్సింగ్" అనే పేరుతోని పిలుసుడు ఆపుండ్రి, ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరున్నది. ఇంకోటి, ఆడపిల్లలను వేధిస్తే "ఏజెన్సీ అమ్మాయి కదా" అని కొట్టిపారేసే కమిటీలున్నయి. 2013 చట్టం ఏజెంటు ద్వారా వచ్చినోళ్లను కూడ ఉద్యోగి కిందనే లెక్కపెట్టింది. ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

ఇయ్యాల ఇంటికి పోయినంక చేయాల్సిన పని చెప్తం. గుర్తింపు కార్డు రెండు దిక్కుల ఫొటో తీసి పెట్టుకోండ్రి. ఆఫీసరు సంతకంతోని మీకు వచ్చిన ప్రతి మెమో, డ్యూటీ చార్టు, వాట్సప్‌ల వచ్చిన ఆదేశం దాచుండ్రి. బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి ఏ నెల చందా పడలేదో గీత కొట్టుండ్రి. రేపు ముసుగు తీయించాలంటే ఇవే సాక్ష్యం. ఇగ సమాచార హక్కు కింద మీ శాఖను నాలుగు సంగతులు అడుగుండ్రి. ఏజెన్సీతోని ఒప్పందం నకలు, ఒక్కో మనిషి పేరు మీద నెలకు ఇస్తున్న మొత్తం, అందుల ఏజెన్సీ కమిషన్, గత 12 నెలల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. దరఖాస్తు నమూనాలు బయట బల్ల మీద ఉన్నయి, జిల్లాకో కట్ట తీసుకపోండ్రి. వచ్చే నెల ఏడో తారీఖు దాటినా జీతం పడకుంటే, ఎనిమిదో తారీఖున శాఖ పేరు, మనుషుల సంఖ్య రాసి మాకు పంపుండ్రి. లేబర్ ఆఫీసుకు అందరివి కలిపి ఒక్క కాగితంగ పట్టుకపోతం.